పై పన్ను

రెండుంపావు.
గునుపురంలో ఈ వేళకి
పాసింజరు బండి కూడా పట్టాల మీద నిద్రపోతుంది.
నువ్వు మాత్రం లేచావు.
ముందు చిన్న మూలుగు,
వెనకనే నిప్పు తొక్కినట్టు ఒక్క కేక.

మీ అమ్మ ఆస్పత్రిలో ఉంది.
ఊరి పిల్లలందర్నీ భూమ్మీదికి దింపే డ్యూటీ ఆమెది.
దిగినవాళ్ళలో ఒకర్తెని ఎత్తుకు తిరిగే డ్యూటీ నాది.
మీ నాన్న లారీ రాయపూర్ దాటిందో లేదో,
ఫోనెత్తడు.

ఏటే, ఏటయిందే నా తల్లీ,
చీమ కుట్టిందా, కల కుట్టిందా?

భుజం అప్పుడే తడిసిపోయింది.
నీ చొంగకి
పాలు కాచి కడగని గిన్నె వాసన.
చెవి పట్టుకుని లాక్కుంటావు,
నా చొక్కా గుండీ నములుతావు,
అది చాలక నన్ను తంతావు.

పగలు నేను ఫోన్లు విప్పుతాను.
వెంట్రుకంత తీగలు, నువ్వుగింజంత స్క్రూలు,
చచ్చిన తెరలో మళ్ళీ దీపం పెట్టే చేతులివి.
నీ నోరొక్కటి
ఎటునుంచి విప్పాలో తెలీదు.
మూడుసార్లు సబ్బుతో కడిగినా
వేలికింకా సోల్డరు వాసనే అని
మొహం తిప్పేస్తున్నావు, మహారాణీ.

గుమ్మం నుంచి పొయ్యిగట్టు దాకా తొమ్మిది అడుగులు.
తిరిగొస్తే ఎనిమిదే.
నిద్రలేని కాళ్ళ లెక్క అంతే.

జోలపాటలు నాకు రావు.
వచ్చినవి స్టేషన్ల పేర్లు, అవే చెప్పాను:
కాశీనగర్,
పర్లాకిమిడి,
పాతపట్నం...
రాష్ట్రం మారినచోట
ఒక్క క్షణం ఊరుకున్నావు.
టెక్కలి వచ్చేసరికి మళ్ళీ అందుకున్నావు.

గోడవతల దగ్గు.
తర్వాత సుకాంతి మావుసి గొంతు,
"దాంత ఉఠుచి రే, దాంత!"
పన్ను వస్తోంది అంటాం మనం,
ఎక్కడో ప్రయాణంలో ఉన్న చుట్టంలా.
పన్ను లేస్తోంది అంటుంది ఆమె,
అదీ ఈ రాత్రి నిద్రపట్టక లేచినట్టు.
ఈసారికి ఆమె మాటే నిజమనిపించింది.

గ్రిల్లు సందులోంచి ఒక స్టీలు చెంచా ఇచ్చింది,
ఫ్రిజ్జులో పొఖాళొ గిన్నె పక్కన ఉంచినదట,
చేతికి తగలగానే జివ్వుమంది.
"కాందొ నా మా," అని
గ్రిల్లులోంచే నీ అరికాలు నిమిరి
చెప్పులీడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

కరెంటు సరిగ్గా అప్పుడే పోయింది.

చీకట్లో నీ పెదవి వెతికి
చెంచా వెనక భాగం చిగురుకి ఆనించాను.
వెక్కిళ్ళ మధ్య ఒక చప్పరింత.
ఇంకొకటి.
ఆ తర్వాత
టింగ్.

నా ఊపిరి ఆగింది.
మళ్ళీ ఆనించాను.
టింగ్.
ఇంత చిన్న గంట
ఏ గుడిలో కట్టారే!

వేలు పెట్టి చూశాను.
కింద చిగురు మెత్తగా, ఖాళీగా.
పైన, ఎడమపక్క,
బియ్యపునూకంత గరుకు.

అమ్మో. పైదా?

మీ అమ్మమ్మ వింటే
పార్వతీపురం నుంచి మొదటి బస్సెక్కేస్తుంది.
"పైపళ్ళు ముందొస్తే మేనమామకి సెడ్డరా నాయనా,
నూనిగిన్నిలో మొకం సూసుకో,
ఆంజనేయుడికి వడమాల కట్టించు,
బండి నడపకు కొన్నాళ్ళు."
ఇంటికున్న ఒక్కగానొక్క మేనమామని కదా,
గండమంతా నా ఒక్కడి వాటాకే.

నవ్వొచ్చింది. కొంచెం భయమూ వేసింది.
నవ్వే ఎక్కువ అని రాయాలనుంది గానీ
చీకట్లో ఎవరు చూశారు.

అంతలో నువ్వు
నా వేలు పట్టుకుని
పొలం గట్టున కొత్త ఎలక్కూనలా
కసుక్కున కొరికావు.

సరే.
కీడు తీరిపోయింది.
ఇంతేనా, ఇంతోటిదానికి నూనె దండగ.

చప్పరింతలు దూరదూరంగా పడుతున్నాయి,
వాన వెలిశాక చూరుచినుకుల్లాగ.
మెడ మీద నీ ఊపిరి వేడి తగ్గుతోంది.
వేలు ఇంకా నీ నోట్లోనే ఉంది,
తిమ్మిరెక్కింది,
తీస్తే లేస్తావు.

జేబులో ఫోను వణికింది. మీ అమ్మ.
"పడుకుందా?"
ఎడమచేత్తో రాశాను,
"పడుకున్నాం."
పన్ను సంగతి రాయలేదు.
ఏడింటికి డ్యూటీ దిగి వస్తుంది,
టీ కలుపుకుంటుంది,
చెంచా ఇస్తాను.
తనే వినాలి.